బైపీసీ అంటే నీట్ ఒక్కటేనా? పాపకి ల్యాబ్ పని ముందే చూపించే దారి చెప్పండి

ప్రశ్న – కొమ్మాది అమ్మ

అందరికీ నమస్కారమండి. మాది విశాఖపట్నం కొమ్మాది, టైలరింగ్ షాపు నడుపుతాను. పాప పదో తరగతి. బయాలజీ అంటే ప్రాణం. పచ్చగా ఉన్న గోరింటాకు చేతిమీద ఎర్రగా ఎందుకు పండుతుందని అడిగింది. నేను చెప్పలేకపోతే రెండ్రోజులు అదే ధ్యాస.

మా అక్క కూతురు ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటుంది, ఇద్దరిదీ ఒకటే వయసు. అక్కడ బడి పిల్లలు ఓ వారం ఎక్కడైనా పని చూసి రావడం మామూలేనట. అంత చిన్నపిల్లల్ని ల్యాబుల్లోకి రానివ్వడం కష్టం కాబట్టి కొన్ని యూనివర్సిటీలు ఆ వారాన్ని ఆన్‌లైన్‌లో పెడుతున్నాయి. ఆ పిల్ల ఒకటి చేసింది. ఒకరోజు కేన్సర్ కణాల మీద పనిచేసేవాళ్లు మాట్లాడారట, ఒకరోజు మొక్కల జబ్బుల వాళ్లు. మధ్యలో అంకెలిచ్చి గ్రాఫు గీయమన్నారు. చివర్లో ఒక ప్రయోగం ఎలా చేస్తారో పిల్లలే ఆలోచించి రాసివ్వాలి. వీడియో కాల్‌లో అది చెబుతుంటే మా పాప కంచం పక్కన పెట్టేసి విన్నది.

నా భయం వేరే ఉంది. మా పెద్దాడు ఇంటర్ రెండేళ్లు, లాంగ్ టర్మ్ ఇంకో రెండేళ్లు హాస్టల్లో ఉండి చదివాడు. ఆ నాలుగేళ్లలో మైక్రోస్కోపులో కన్ను పెట్టింది ఒక్కసారి, ప్రాక్టికల్ పరీక్ష రోజున. డాక్టరు కాకపోతే ఇంకేం అవ్వొచ్చో వాడికీ తెలీదు, మాకూ తెలీదు. సీటు రాలేదు. ఆర్నెల్లు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదండి. పాప విషయంలో ఆ తప్పు చెయ్యను.

మన పిల్లలకి ఇలాంటివి ఏమైనా ఉన్నాయా? తెరమీద చూస్తే నిజంగా ఏమైనా తెలుస్తుందా?

జవాబు – భీమిలి హేచరీ

అక్కా, నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జువాలజీ చేసి, భీమిలి తీరంలో రొయ్యల హేచరీలో, అంటే గుడ్ల నుంచి రొయ్యపిల్లల్ని పెంచేచోట, పనిచేస్తున్నాను. నా పని చెబుతాను, పాపకి చదివి వినిపించండి.

వనామి రొయ్య గుడ్డు పొదిగాక ముందు నాప్లి, తర్వాత జోయియా, మైసిస్, ఆ పైన పీఎల్, అంటే పోస్ట్ లార్వా. ఇవన్నీ రొయ్యపిల్ల ఎదిగే దశలు. జోయియా దశలో ఉన్నప్పుడు గ్లాసు బీకరుతో ట్యాంకు నీళ్లు ముంచి లైటుకి ఎదురుగా పట్టుకుంటాం. ఒక్కో పిల్ల తోక వెనక సన్నని దారంలా రెట్ట వేలాడుతూ ఉండాలి. ఉంటే మేత తింటున్నట్టు. ఆ దారాలు కనిపించకపోతే ఆ రాత్రి ఇక నిద్ర లేనట్టే. మేత చూడాలి, నీళ్లు చూడాలి, బాక్టీరియా పెరిగిందేమో చూడాలి.

సీడు, అంటే రొయ్యపిల్లల్ని, అమ్మేముందు తెల్లమచ్చల వైరస్ ఉందేమోనని పీసీఆర్ చేస్తాం. కొంచెమే ఉన్న డీఎన్ఏని లెక్కలేనన్ని నకళ్లు చేసి కనిపెట్టే పరీక్ష అది. నీటిబొట్టులో పాతికో వంతు ద్రవాన్ని పిపెట్‌తో తీసి ట్యూబులో వదలాలి. తెరమీద చూస్తే ఈ పని ఎందుకు చేస్తారో తెలుస్తుంది. బొటనవేలికి ఆ ఒడుపు మాత్రం చేత్తో చేస్తేనే వస్తుంది. మీ షాపులో కొత్తగా చేరినవాళ్లకి కత్తెర పట్టడం ఎలాగో ఇదీ అంతే. అయినా పాపని చూడనివ్వండి. మా దగ్గరికి ట్రైనింగుకి వచ్చే డిగ్రీ పిల్లల్లో చాలామందికి ఏం అడగాలో తెలియదు. ముందే చూసివచ్చిన పిల్ల అడుగుతుంది.

జవాబు – ఎంవీపీ కాలనీ నుంచి హైదరాబాద్

నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. ముందు పాప ప్రశ్నకి జవాబు. గోరింటాకు రుబ్బినప్పుడు లాసోన్ అనే రంగు పదార్థం బయటికొచ్చి చర్మంలోని కెరాటిన్ అనే ప్రొటీన్‌కి అతుక్కుంటుంది. ఆ రంగే ఎరుపు. ఒకే ముద్దని రెండు చేసి ఒకదాంట్లో నిమ్మరసం, ఇంకోదాంట్లో అంతే నీళ్లు కలిపి, చెరో వేలికి ఒకే సమయం ఉంచి చూడమనండి. ఏ వేలికి ఏది పెట్టిందో, ఎంతసేపు ఉంచిందో రాసుకోవాలి. లీడ్స్ పిల్ల రాసిచ్చింది ఇలాంటిదే అయ్యుంటుంది.

ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికేవి రెండు చెబుతాను. అమృత యూనివర్సిటీ, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ కలిసి చేసిన ఓల్యాబ్స్ అనే ఆన్‌లైన్ ల్యాబ్ తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వాళ్లకి. హోవర్డ్ హ్యూస్ మెడికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బయోఇంటరాక్టివ్ సైటులో బాక్టీరియాని గుర్తుపట్టే వర్చువల్ ల్యాబ్ ఉంది. అది ఇంగ్లీషులోనే ఉంటుంది, పక్కన కూర్చోండి. డీఎన్ఏ తీసి, పీసీఆర్ చేసి, అక్షరాల వరస చదివి, డేటాబేసులో పోల్చి ఇది ఫలానా బాక్టీరియా అని తేల్చాలి. నిజం ల్యాబులో చేసేదీ అదే వరస.

అక్కడ క్లిక్ చేస్తే సెంట్రిఫ్యూజ్, అంటే ట్యూబుల్ని గిర్రున తిప్పే మిషన్, తిరిగేస్తుంది. నిజం మిషన్‌లో ఒక ట్యూబు పెడితే దానికి సరిగ్గా ఎదురుగా అంతే బరువున్న ఇంకో ట్యూబు పెట్టాలి, కావిడికి రెండువైపులా ఉన్నట్టు. చేరిన మొదటి వారం నేను అది మర్చిపోయాను. మిషన్ బల్లమీద ఊగిపోయింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఇంకోటి, ఇది ముఖ్యం. పరిశోధన వైపు వెళ్లాలంటే ఐసర్‌లు ఉన్నాయి, సైన్సు చదువుకీ పరిశోధనకీ కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థలు. తిరుపతిలో 2015లో మొదలైంది, మనకి దగ్గర్లో బరంపురంలో 2016లో. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. వాటి ఎంట్రెన్స్‌లో 60 ప్రశ్నలుంటాయి. బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఒక్కోదాంట్లో 15. బైపీసీ తీసుకోగానే లెక్కల పుస్తకం అటకెక్కించేస్తారు, అక్కడే మన పిల్లలు వెనకబడుతున్నారు. పాపని లెక్కలు వదలనివ్వకండి.

జవాబు – గాజువాక నాన్న

ఒక్క మాటండి. సర్టిఫికెట్ ఇస్తామని డబ్బులడిగే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి, కట్టకండి. లండన్ వైపు పిల్లలకి కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోడానికి పనికొస్తుంది. మన ఎంట్రెన్స్‌లకి ఒక్క మార్కు కూడా కలవదు.

మళ్లీ – కొమ్మాది అమ్మ

అందరికీ పేరుపేరునా దండాలు. పాప బాక్టీరియా ల్యాబ్ మూడు సాయంత్రాలు చేసింది. తెలీని మాటలన్నీ నా కొలతల పుస్తకం వెనక రాసుకుంది. గోరింటాకులో నిమ్మరసం వేలు ఎర్రగా పండింది, రెండోది నారింజ రంగులో ఆగింది. ఒక్కసారి చేస్తే చాలదని వచ్చే ఆదివారం మళ్లీ పెడతానంటోంది. పెద్దాడే పక్కన కూర్చుని పీసీఆర్ విడమర్చి చెప్పాడు. వాడు అంతసేపు మాట్లాడి ఎన్నాళ్లయిందో.

హేచరీ తమ్ముడూ, పాప మిమ్మల్ని అడగమంది: "రొయ్యపిల్లల్ని కొన్ని కలిపి ఒకేసారి టెస్ట్ చేస్తారా? చేస్తే, వందలో ఒక్కదానికే వైరస్ ఉన్నా దొరుకుతుందా?"

జవాబు – భీమిలి హేచరీ

కలిపే చేస్తామమ్మా. దొరకొచ్చు, తప్పిపోనూవచ్చు. ఎన్ని పిల్లల్ని తియ్యాలి, ఎన్నింటిని కలపాలి అన్నదే మా దగ్గర రోజూ లెక్క. అక్కా, ఇద్దర్నీ ఆదివారం తీసుకురండి, మేనేజర్‌ని అడిగి ఒప్పించాను. ముందురోజు రొయ్యల చెరువుల వైపు వెళ్లకండి. గుమ్మం దగ్గర క్రిముల్ని చంపే పర్మాంగనేట్ నీళ్లలో కాళ్లు ముంచాకే లోపలికి.