మాది కూనవరం. ఏ రాష్ట్రం వాళ్ళ సమ్మేళనానికి వెళ్ళాలి?

శబరిగట్టు:
పుణేలో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడి తెలంగాణ వాళ్ళు జూన్ 2కి దగ్గరి ఆదివారం కలుస్తారు, ఆంధ్రా వాళ్ళు నవంబర్ 1కి అటూఇటూగా. రెండు పిలుపులూ వాట్సాప్‌లో వస్తాయి. చిక్కల్లా మాది కూనవరం కావడమే.

తెలియనివాళ్ళకి చెప్తున్నా: శబరి వచ్చి గోదావరిలో కలిసేది మా ఊరి దగ్గరే. మా నాన్న పుట్టినప్పుడు మాది తూర్పు గోదావరి జిల్లా. 1959లో భద్రాచలం డివిజన్‌ను ఖమ్మంలో కలిపారు, నేను ఖమ్మం జిల్లాలో పుట్టాను. 2014లో పోలవరం ముంపు మండలాలని ఆంధ్రలో కలిపారు, మా అన్న చిన్నకొడుకు మళ్ళీ తూర్పు గోదావరిలో పుట్టాడు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. ఇల్లు అదే, గుమ్మం అదే.

పోయిన జూన్‌లో తెలంగాణ వాళ్ళ దగ్గరికి వెళ్ళా. గేటు దగ్గర టేబుల్, ఒక కుర్రాడు, చేతిలో నల్ల మార్కర్. స్టిక్కర్ మీద పేరు రాసి, "ఏ జిల్లా అన్నా?" అన్నాడు. ఖమ్మం అన్నా. 'ఖ' రాస్తూనే "ఖమ్మంల ఎక్కడ?" అన్నాడు. కూనవరం అన్నా. ఫోన్‌లో చూసి, "అది ఆంధ్రాల పడ్డదన్నా" అని గొంతు తగ్గించి చెప్పాడు, ఎవరో పోయిన కబురు చెప్పినట్టు. వెనక లైన్ పెరిగిపోతోంది. ఆ 'ఖ' దగ్గర ఆగిన స్టిక్కరే చొక్కాకి అంటించుకుని సాయంత్రం దాకా తిరిగా.

నవంబర్‌లో ఇంకో రకం. భోజనాల దగ్గర పక్కనున్న పెద్దాయన నా మాట విని, "తెలంగాణ నుంచి అతిథిగా వచ్చారా బాబూ?" అన్నారు. ఎంతో మర్యాదగా అడిగారు. ఆ మర్యాదే గుచ్చుకుంది.

"ఏదో ఒకటి తేల్చుకోండి, లేదంటే ఇంట్లో పడుకోండి" అంటోంది మా ఆవిడ. మీరైతే ఏం చేస్తారు?

బంతిభోజనం:
రెండింటికీ వెళ్తా సార్. ఇందులో టెన్షన్ ఎందుకు?

అందరమొక్కటే:
తెలుగువాళ్ళమంతా ఒకటే కదా, ఈ గొడవేంటండీ?

శబరిగట్టు:
గొడవ కాదండీ, స్టిక్కర్.

లెక్కలగుమాస్తా:
మా ఊళ్ళో సమ్మేళనానికి ఫారం తయారు చేసేది నేనే. జిల్లా అడిగేది ఎవరినీ ఏరిపారేయడానికి కాదు, ఒక జిల్లా వాళ్ళని ఒక టేబుల్ దగ్గర కూర్చోబెడితే కబుర్లు త్వరగా కలుస్తాయని. 2016లో తెలంగాణ జిల్లాలు పదల్లా 31 అయ్యాక మా లిస్టే గందరగోళమైంది. ఇప్పుడు ఊరి పేరొక్కటే రాయమంటున్నాం. మీవాళ్ళకీ చెప్పి చూడండి, వింటారు.

ముంపుమండలం:
మాది వేలేరుపాడు. మీరు నయం, 1959కి ముందైనా ఆంధ్రా వైపు వాళ్ళు. మేం నిజాం కాలం నుంచీ తెలంగాణ వైపే. ఇప్పుడు ఏలూరు జిల్లా. ఆ మాట అంటే చాలు, "ఏలూరులో ఎక్కడ, పవర్‌పేటా?" అంటారు. ఆ ఊళ్ళో నేను బస్సు మారానంతే.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన రోజు గుర్తుందా? ఆ రాత్రి "మీ ఇంట్లో నీళ్ళు ఎందాకా వచ్చాయి?" అని ఫోన్ చేసినవాళ్ళు ఏ సమ్మేళనంలో ఉంటే నేను దానికి పోతా. జిల్లా ఎవడిక్కావాలి!

శబరిగట్టు:
ఆ లెక్కన నాకు ముగ్గురు చేశారు. ఇద్దరు జూన్ బ్యాచ్, ఒకాయన నవంబర్ బ్యాచ్, రాజమండ్రి ఆయన. మా అమ్మ అటక మీద బియ్యం డబ్బా పక్కన కూర్చుని ఉంటే, ఆయనే తెల్లవార్లూ పడవ కోసం ఎవరెవరికో ఫోన్లు చేశాడు. సరే, రెండూ వెళ్తా. మార్కర్ నేనే పట్టుకెళ్తా.

ముంపుమండలం గారూ, మీరు పుణేలోనే ఉంటారా? హింజవడి నుంచి నా కార్లో ఒక సీటు ఖాళీ.