డాలస్‌లో మిల్క్‌వీడ్ విత్తనాలు మొలవడం లేదు

ప్లేనో_పెరడు:
మోనార్క్ సీతాకోకచిలుకల కోసం యాంటిలోప్ హార్న్స్ మిల్క్‌వీడ్ (జిల్లేడు కుటుంబపు మొక్క, వాటి గొంగళిపురుగులు దీని ఆకులే తింటాయి) విత్తనాలు మార్చిలో కుండీలో వేస్తే ఒక్కటీ మొలవలేదు. పెరట్లో అంతా జిగట నల్లరేగడి. స్టోర్‌లో ఎరుపు, పసుపు కలిసిన పూల మిల్క్‌వీడ్ దొరుకుతోంది. అది పెట్టేయొచ్చా?

రేగడి_రైతు:
విత్తనానికి చలి తగల్లేదండీ, అంతే. పేపర్ టవల్ తడిపి గట్టిగా పిండి, విత్తనాలు పరిచి, జిప్ కవర్‌లో పెట్టి ఫ్రిజ్‌లో 30 రోజులు ఉంచండి, ఫ్రీజర్‌లో కాదు. తడి ఎక్కువైతే బూజు పడుతుంది, ఆరిపోతే చలి పెట్టినా దండగే. వారానికోసారి తెరిచి చూసుకోండి. తర్వాత పావు అంగుళం లోతున వేయాలి. అంత ఓపిక లేకపోతే నవంబరులో నేరుగా నేలమీద చల్లి కాలితో తొక్కేయండి, మిగతాది చలికాలం చూసుకుంటుంది.

రేగడి గురించి బెంగ వద్దు, అది ఈ నేలలో పుట్టిన మొక్కే. ఎరువు అక్కర్లేదు, నీళ్లు నిలవకూడదు, ఎండ దండిగా ఉండాలి. తల్లివేరు లోతుకు దిగుతుంది కాబట్టి పెరిగాక పీకి నాటితే బతకడం కష్టం. మొదటి ఏడు పూలు ఆశించకండి. నడివేసవిలో పైభాగం ఎండిపోవచ్చు, చచ్చిందని తవ్వేయొద్దు.

జిల్లేడుపువ్వు:
స్టోర్‌లోది ట్రాపికల్ మిల్క్‌వీడ్, ఇక్కడిది కాదు. చలి తక్కువైన ఏడు అది ఆకు రాల్చదు. ఆ ఆకుల మీద ఓఈ అనే పరాన్నజీవి బీజాలు పేరుకుంటాయి. గొంగళిపురుగు ఆకుతోపాటు వాటినీ తింటుంది, బాగా సోకితే చివరికి రెక్కలు విచ్చుకోని సీతాకోకచిలుక బయటికొస్తుంది. ఇప్పటికే నాటేసి ఉంటే అక్టోబరు చివర్లో 6 అంగుళాలకు కత్తిరించి, ఫిబ్రవరి దాకా వచ్చిన చిగురల్లా తీసేయండి. ఏ మొక్క కొన్నా పురుగుమందు కొట్టారేమో అడగండి. మందు ఆకులోకి ఇంకి ఉంటే కడిగినా పోదు.

ప్లేనో_పెరడు:
థాంక్సండీ. పసుపు పేనుబంక పడితే వేపనూనె కొట్టొచ్చా?

రేగడి_రైతు:
కరివేపాకుకు కొట్టినట్టు దీనికి కొట్టకండి, గొంగళిపురుగులూ పోతాయి. ముందు ఆకు తిప్పి చూడండి: గుండుసూది తలంత, లేత మీగడ రంగు చుక్క ఒంటరిగా ఉంటే అది మోనార్క్ గుడ్డు. ఆ ఆకు వదిలేసి మిగతావి నీళ్ల పైపుతో కొట్టండి. గ్లవ్స్ వేసుకోండి, మొక్క పాలు కంట్లో పడితే ప్రమాదం.

జిల్లేడుపువ్వు:
పక్కనే గ్రెగ్స్ మిస్ట్‌ఫ్లవర్, ఫ్రాస్ట్‌వీడ్ లాంటి తేనె పూల మొక్కలు కూడా వేయండి. అక్టోబరులో మెక్సికో వెళ్లే మోనార్క్‌లు చాలావరకు గుడ్లు పెట్టవు, వాటికి కావాల్సింది తేనె.