ఆఫీసు దగ్గర ఒక్క గదా, బాచుపల్లిలో డబుల్ బెడ్‌రూమా?

కొండాపూర్ కుర్రాడు:
నేనుండేది హైదరాబాద్ కొండాపూర్‌లో వన్ ఆర్‌కే. గది, మూలన వంటగట్టు, బాత్రూమ్, అన్నీ కలిపి 200 చదరపు అడుగులు. అద్దె 10 వేలు. ఆఫీసుకు నడిచే వెళ్తా. మా టీమ్‌లో ఒకాయన బాచుపల్లిలో 16 వేలకు డబుల్ బెడ్‌రూమ్ తీసుకుని రోజూ ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ వస్తాడు. పైగా నన్ను చూసి "అగ్గిపెట్టెలో ఎలా ఉంటావురా" అంటాడు. ఒంటరివాడికి నాలుగు డబ్బులు మిగలాలంటే ఇదే నయం. కాదనేవాళ్లు లెక్కతో రండి.

నిజాంపేట రాజు:
లెక్కే చెప్తా తమ్ముడూ. నువ్వు అడుగుకు 50 రూపాయలు కడుతున్నావు. ఆయన ఇల్లు వెయ్యి అడుగులైతే ఆయనకు పడేది 16. రెండో గదిలో ఫ్రెండ్ చేరితే తలా 8 వేలు, నీకంటే తక్కువే. చిన్న గదుల్లో లాభం ఓనర్‌కే. ఫ్లోరంతా ఒక కుటుంబానికి ఇచ్చేకంటే నాలుగు గదులు చేసి బ్యాచిలర్లకిస్తే ఎక్కువొస్తుంది. ఐటీ ఏరియాలో అడ్డగోడలు ఊరికే లేస్తున్నాయా?

కొండాపూర్ కుర్రాడు:
అన్నా, అడుగుల లెక్క నాకెందుకు? నెలాఖరుకు జేబులోంచి ఎంత పోయిందన్నదే నాకు కావాలి. బాచుపల్లికి మెట్రో లేదు. మియాపూర్ వచ్చి ఎక్కినా, అమీర్‌పేటలో రైలు మారి మళ్లీ వెనక్కొచ్చినట్టు రాయదుర్గం రావాలి. ఇక ఫ్రెండ్ అంటావా, గిన్నెలు ఎవరు తోమాలనే గొడవలు చాలా చూశా.

మియాపూర్ అక్క:
ఆడవాళ్లకు లెక్క వేరు తమ్ముడూ. 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మాకు ఛార్జీ లేదు. దూరముంటే పోయేది టైమే. పెళ్లయిన కొత్తలో మేమూ సింగిల్ రూమ్‌లోనే ఉన్నాం, బాగానే గడిచింది. బాబు పుట్టాక వానాకాలంలో బట్టలు ఆరేసే చోటు లేక ఫ్యాన్ కింద దండెం కట్టాను. గదంతా ముక్కిన వాసన. తిరగమోత వేస్తే వాడికి దగ్గు. ఒక్కడివి కాబట్టి నీకు నడుస్తోంది. రేపు మీ అమ్మానాన్న వచ్చి నెల ఉంటామంటే ఎక్కడ పడుకోబెడతావు?

వర్లీ తెలుగోడు:
మా తాత మిల్లు పనికని బొంబాయి వచ్చి బీడీడీ చాల్‌లో, అంటే వరుసగా ఒంటిగదులుండే పాత బిల్డింగ్‌లో దిగాడు. అక్కడ గది 160 అడుగులు, ఫ్లోరంతటికీ కలిపి మరుగుదొడ్లు. అందులోనే అత్తలు, బాబాయిలు అందరూ పెరిగారు. ఎలాగంటే, గది బయట పొడుగాటి నడవా. మగపిల్లల పడక అక్కడే, అప్పడాలు ఎండేది అక్కడే, పెళ్లి మాటలూ అక్కడే. ఇప్పుడు ఆ చాళ్లు కూల్చి 500 అడుగుల ఫ్లాట్లు కడుతున్నారు. వర్లీలో మొదటి 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో తాళాలిచ్చారు. నీళ్లకు, దొడ్డికి క్యూ కట్టే బాధ తప్పింది, అది చిన్న విషయం కాదు. మీ వన్ ఆర్‌కేల్లో మాత్రం గదీ చిన్నదే, తలుపు తీస్తే నేరుగా మెట్లే. జ్వరమొస్తే పలకరించే దిక్కుండదు.

సైటింజినీరు:
ఎన్ని అడుగులనేది ఒక్కటే చూడకండి. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఇంట్లో ఒకటే గదైతే అది కనీసం 9.5 చదరపు మీటర్లు, అంటే 102 అడుగులు ఉండాలి. వెడల్పు 2.4 మీటర్లకు తగ్గకూడదు. కుర్రాడి గది అందులో నెగ్గుతుంది. నా భయం బిల్డింగ్ గురించి. ఆ చుట్టుపక్కల చిన్న చిన్న ప్లాట్లలో అంతస్తు మీద అంతస్తు వేస్తున్నారు. 2024 నవంబరులో సిద్దిఖ్‌నగర్‌లో పక్క ప్లాట్‌లో పునాదికి గుంత తవ్వితే అలాంటి భవనమే ఒరిగిపోయింది, చివరికి కూల్చేశారు. టులెట్ బోర్డు చూసి వెళ్లినప్పుడు అద్దె బేరం తర్వాత, ముందు ఎన్ని అంతస్తులకు పర్మిషనుందో అడగండి. రెండో మెట్లదారి ఉందా, బోరు ఎండితే ట్యాంకర్ డబ్బు ఎవరిదో అడగండి. కుర్రాడూ, నీ కిటికీ ఎటు తెరుచుకుంటుంది?

కొండాపూర్ కుర్రాడు:
పక్క బిల్డింగ్ గోడ మీదికి సార్. చెయ్యి చాపితే తగులుతుంది. పగలూ లైటు వేసుకోవాల్సిందే. మార్చిలో అగ్రిమెంట్ అయిపోతుంది, అప్పుడు గాలొచ్చే గది చూస్తా. కానీ కొండాపూర్‌లోనే.

నిజాంపేట రాజు:
గాలికి ఇంకో 3 వేలు అడుగుతారు, చూస్కో.