కాలిగాల అడుగు మేకులు నిలవడం లేదు. లోపం ఎక్కడ ఉంది?

పాతపాదుక:
అందరికీ నమస్కారం. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్ సైనికులు తొడిగిన కాలిగాలనే పాదరక్షలను నమూనాగా పెట్టుకుని ఒక జత చేశాను. పైతోలును ఒకే ముక్కలో వార్లుగా కోసి, మడమ వెనుక మాత్రం కుట్టి, కింది అంచును పాదం ఆనే తోలుకూ అడుగుతోలుకూ నడుమకు మడిచి, అన్ని పొరలనూ కలిపి ఇనుప మేకులు దిగగొట్టాను. రెండు రోజులు రాతి నేల మీద నడిచేసరికి ముందుభాగంలో ఏడెనిమిది మేకులు ఊడిపోయాయి. వార్లు కూడా సాగి, పాదం లోపల జారుతోంది. వాడినది క్రోమ్‌తో పదును చేసిన మెత్తటి తోలు. పొరల మధ్య జిగురు రాస్తే సరిపోతుందా? అసలు పద్ధతికి దూరమవుతానేమోనని వెనకాడుతున్నాను.

దాగలి:
జిగురు జోలికి వెళ్ళకండి. ఊడిపోయిన మేకులను ఒకసారి పరిశీలించండి. వాటి మొనలు నిటారుగానే ఉంటే లోపం అక్కడే ఉంది. కాలిగాలో మేకు పొరలను గుచ్చి ఊరుకోదు, లోపలివైపు వంగి తోలును కొక్కెంలా పట్టుకుంటుంది. అందుకని పాదరక్షను బోర్లించి, పాదం ఆనే తోలు కింద గట్టి ఇనుప దిమ్మ ఉంచి, అడుగువైపు నుంచి కొట్టాలి. పొరలన్నీ దాటిన మొన ఆ ఇనుముకు తగిలి వెనక్కి తిరిగి తోలులోనే దిగబడుతుంది. దీనికి మేకు కాడ మొత్తం మందం కన్నా నాలుగైదు మిల్లీమీటర్లు పొడవుగా ఉండాలి. ముందుగా ఆరెతో వేసే రంధ్రం కాడకన్నా సన్నగా ఉండాలి, లేకపోతే పట్టు ఉండదు. కొట్టేటప్పుడు పొరలు కదలకుండా సన్నని తోలుపట్టీతో అక్కడక్కడా బిగించుకోవచ్చు; తవ్వకాల్లో దొరికిన రోమన్ అడుగుల్లో అలాంటి పట్టీలు కనిపిస్తాయి.

బెరడుతోలు:
వార్లు సాగడానికి కారణం తోలే. క్రోమ్ పద్ధతి 19వ శతాబ్దానిది. అలా పదును చేసిన తోలు మెత్తగా ఉంటుంది కాని, తడిపి మలిచిన ఆకారాన్ని నిలుపుకోదు. రోమన్లు చెట్ల బెరడు వంటి వాటిలోని టానిన్‌తో పదును చేసేవారు. బ్రిటన్‌లో హేడ్రియన్ గోడ దగ్గరి విండొలాండాలో, గాలి చొరని తడి నేలలో వేల కొద్దీ పాదరక్షలు ఇన్ని శతాబ్దాలు నిలిచాయంటే అందులో ఆ టానిన్ పాత్ర చాలా ఉంది. పైభాగానికి సుమారు రెండున్నర, అడుగుకు ఐదు మిల్లీమీటర్ల మందమున్న బెరడుతోలు తీసుకుని, కొంచెం బిగుతుగా కోసి, తడిపి, కాలికి తొడుక్కుని వార్లు బిగించి, ఎండకూ మంటకూ దూరంగా నెమ్మదిగా ఆరనివ్వండి. మేకుల చుట్టూ తోలు నల్లబడితే కంగారు పడకండి, ఇనుము టానిన్‌తో కలిసినప్పుడు అలాగే అవుతుంది.

చరిత్రాభిలాషి:
పై ఇద్దరి మాటతోనూ ఏకీభవిస్తాను. అయితే ఎంత బాగా కొట్టినా మేకులు అరుగుతాయి, ఒకటి రెండు ఊడతాయి కూడా. రోమన్ చక్రవర్తి డయోక్లెటియన్ క్రీస్తుశకం 301లో వెలువరించిన ధరల శాసనం సైనికుల పాదరక్షలకు 100 డెనారీలను (రోమన్ నాణేలు) గరిష్ఠ ధరగా నిర్ణయిస్తూ, అది మేకులు లేకుండా అని స్పష్టంగా చెప్పింది. ఆనాటికి నమూనాలు మారినా, మేకుల లెక్క వేరుగానే ఉండేదన్నమాట. అందువల్ల ఊడిన చోట కొత్త మేకు వేయడాన్ని వైఫల్యంగా భావించకండి. నున్నటి బండల మీద మాత్రం జాగ్రత్తగా నడవండి. క్రీస్తుశకం 70లో జెరూసలేం ఆలయ ప్రాంగణంలో మేకుల పాదరక్షలతో పరుగెత్తిన జూలియానస్ అనే సెంచూరియన్ (రోమన్ సైనిక దళాధికారి) రాతిపరుపు మీద జారిపడి, శత్రువుల చేతికి చిక్కి మరణించాడని ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు.

పాతపాదుక:
ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఊడిన మేకులను వెతికి చూశాను. అన్నింటి మొనలూ నిటారుగానే ఉన్నాయి. నేను చెక్క దిమ్మ మీద పెట్టి కొట్టాను, మొనలు వంగకుండా చెక్కలోకి దిగిపోయి ఉంటాయి. ఈసారి బెరడుతోలు తెచ్చి, పాత కత్తిరింపు కొలతలను కొద్దిగా తగ్గించి, ఇనుప దిమ్మ మీద మొదటి నుంచి మళ్ళీ చేస్తాను.