గోడకి చవుడెక్కింది, పైపూత మొత్తం కొట్టేయాలా?

అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, 22 ఏళ్లుగా తాపీ పని చేస్తున్నాను. పోయిన వేసవిలో రొయ్యల చెరువుల పక్కన ఒక ఇల్లు కట్టాను. అప్పుడు కాలువకి నీళ్లు ఆపేశారు, నీళ్లు లేక సిమెంటు మాలు కలపడానికి, గోడలు తడపడానికి అక్కడి బోరు నీళ్లే వాడాల్సి వచ్చింది, నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉండేవి. పిల్లర్లకి, శ్లాబుకి మాత్రం పట్టుబట్టి ట్యాంకర్ నీళ్లు తెప్పించాను, ఇనుము ఉన్న కాంక్రీటుకి లీటరు నీటిలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456లో (కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం) ఉందని ఒక ఇంజనీరు గారు చెప్పారు.

వానలు మొదలయ్యాక కింద మూడడుగుల మేర రంగు ఉబ్బింది. వేలితో గీకితే తెల్లటి పొడి, దాని వెనకే ప్లాస్టరింగ్ పిండిలా రాలిపోతోంది. పైన మాత్రం గోడ గట్టిగానే ఉంది. సిమెంటు ఒకటికి నాలుగు వంతుల ఇసుకే కలిపాను, దొంగతనం చేయలేదండి. బేస్‌మెంట్ మీద చెమ్మ ఎక్కకుండా ఆపే పొర, డీపీసీ, వేద్దామంటే ఖర్చని ఇంటాయన వద్దన్నారు, ఇప్పుడు తప్పంతా నాదేనని 40 వేలు ఆపేశారు. కూలీలకి నా జేబులోంచి ఇచ్చాను, రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

ఇది నీళ్ల వల్లా, కింద నుంచి ఎక్కే చెమ్మ వల్లా, ఎలా తేల్చాలి? కిందంతా ఇటుక కనబడేదాకా కొట్టేసి మళ్లీ పూస్తే నిలుస్తుందా, లేక ముందు చెమ్మ ఆపాలా? కోనసీమ వైపు ఇలాంటి ఇళ్లు బాగుచేసిన మేస్త్రులు ఉంటే, ఏం వాడారో, ఎన్నేళ్లు ఆగిందో చెప్పండి.