అప్‌డేట్: కుక్క పట్టిన మా పెట్ట బతికింది

పోయిన వారం కుక్క నోట్లోంచి విడిపించిన మా కోడిపెట్ట గురించి అడిగాను కదా, వీపు మీద చర్మం చీలి మాంసం కనిపిస్తోందని, అది కోలుకుంటోంది! మీరు చెప్పినట్టే సెలైన్‌తో కడిగి, పలచటి టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపిన పోవిడోన్ అయోడిన్‌తో (గాయాలు శుభ్రం చేసే మందు) తుడిచాను. ఈకలు విడదీసి చూస్తే రెక్క కింద ఇంకో రెండు పంటిగాట్లు, చూడకపోతే చీము పట్టేవే. డాక్టర్ యాంటీబయాటిక్ ఇచ్చారు, ఆ మందు గుడ్లలోకి వస్తుంది కాబట్టి ఆయన చెప్పిన గడువు దాటేదాకా దాని గుడ్లు తినం. మిగతా కోళ్లు పుండు పొడుస్తాయని, ఈగలు వాలతాయని ఇంట్లోనే అట్టపెట్టెలో ఉంచాను. రెండు రోజులు కళ్లు మూసుకుని ముడుచుకునే ఉంది, చాలా టెన్షన్ పడ్డాను. ఈరోజు పొద్దున నా అరచేతిలో గింజలు ఏరుకుని తింది. గాయం అంచులు లేత గులాబీ రంగుకి తిరిగాయి, వాసన లేదు.