కొవిడ్ టీకా వల్లనే గర్భం పోయిందంటున్న మా అత్తగారికి ఏమని చెప్పాలి?

ప్రశ్న: కొత్త కోడలు

నమస్కారం. నా వయసు 28. 2021 జూన్‌లో ఒకటి, సెప్టెంబరులో ఒకటి, రెండు డోసుల కొవిషీల్డ్ వేయించుకున్నాను. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. 2024 జనవరిలో నెల తప్పితే ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం గానీ, తొమ్మిదో వారం స్కానింగ్‌లో గుండె చప్పుడు లేదన్నారు. మా అత్తగారు చెడ్డ మనిషి కారు. ఆ తరువాత నెల రోజులు విశ్రాంతి తీసుకోమని నన్ను వంటింటి గడప తొక్కనివ్వలేదు. అయితే అది జరిగిన కొద్దికాలానికే, కొవిషీల్డ్ టీకా వల్ల అరుదుగా రక్తం గడ్డకట్టవచ్చునని, దాన్ని రూపొందించిన ఆస్ట్రాజెనెకా సంస్థ బ్రిటన్ కోర్టులో ఒప్పుకున్నదన్న వార్త టీవీలో వచ్చింది. ఇక ఆవిడది ఒకటే మాట: “ఆ సూదే నీ కడుపు నిలవనివ్వలేదు.” మొదటి డోసు వేయించుకున్న నెలలో నెలసరి ఐదు రోజులు ఆలస్యమైన మాట నిజం. ఆ సంగతి ఆవిడతో అని తప్పు చేశానేమో. మళ్లీ బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నాం. ఇందులో ఏమైనా సంబంధం ఉన్నదా? ఇప్పుడు ఇంకొక డోసు అవసరమా?

జవాబు: ప్రసూతి వైద్యురాలు

అమ్మా, ముందుగా ఆ కోర్టు వార్త సంగతి. అది ప్లేట్‌లెట్లు పడిపోయి, రక్తం గడ్డలు కట్టే అరుదైన జబ్బుకు సంబంధించినది. అది నిజమైన జబ్బే, కల్పన కాదు. కానీ వస్తే టీకా వేసిన నాలుగైదు రోజుల నుంచి నాలుగు వారాల లోపే, అదీ ఎక్కువగా మొదటి డోసు తరువాత వస్తుంది. మన దేశంలో 2021 మే నాటికి పది లక్షల డోసులకు 0.61 చొప్పున ఇలాంటి కేసులు నమోదైనట్లు కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. మీరు రెండో డోసు వేయించుకున్న రెండేళ్లకు పైగా గడిచాక జరిగినదానికి ఆ జబ్బును కారణంగా చూపడానికి వీల్లేదు.

నెలసరి ఆలస్యం సంగతి వేరు. 2022 జనవరిలో వెలువడిన అమెరికా అధ్యయనంలో దాదాపు నాలుగు వేల మంది స్త్రీల నెలసరి లెక్కలు చూస్తే, టీకా పడిన నెలలో సగటున ఒక రోజు కంటే తక్కువ ఆలస్యం కనిపించింది. సగటు అంతే అయినా, కొందరికి ఎక్కువ రోజులే జరిగింది. తరువాతి నెలల్లో అది సర్దుకున్నది. మొదట్లో స్త్రీలు ఈ మాట చెప్పినప్పుడు మావాళ్లలో చాలామంది “మీ భ్రమ” అని కొట్టిపారేశారు. అది మా తప్పే.

గర్భధారణ గురించి బోస్టన్ విశ్వవిద్యాలయం వారు రెండు వేల మందికి పైగా స్త్రీలను గమనించారు. భార్య వేయించుకున్నా భర్త వేయించుకున్నా టీకా వల్ల గర్భం రావడానికి ఆటంకమేమీ కనబడలేదు. భర్తకు కొవిడ్ జ్వరం వచ్చిన రెండు నెలల లోపు మాత్రం అవకాశాలు కొంత తగ్గాయి. ఇళ్లలో ఈ ముక్క ఎవరూ చెప్పుకోరు. ఇక గర్భస్రావం మాటకు వస్తే, అమెరికాలోనే లక్షకు పైగా గర్భాలను పరిశీలించినప్పుడు టీకా వేయించుకున్నవారిలో ప్రమాదం పెరగలేదు. తొలి మూడు నెలల్లో పోయే గర్భాలలో సుమారు సగం పిండంలోని క్రోమోజోముల తేడా వల్ల పోతాయి. తల్లి తిన్నదీ, వేయించుకున్నదీ అందులో కారణం కాదు.

జవాబు: అడగక తప్పదు

డాక్టరుగారి లెక్కలను నేను కాదనను. కానీ ఆ భయం గాలిలోంచి పుట్టలేదు. తొలి ప్రయోగాలలో గర్భిణులను చేర్చుకోలేదు. 2021 జనవరిలో టీకాలు మొదలైతే, పాలిచ్చే తల్లులకు మే నెలలోనూ గర్భిణులకు జులై 2న గానీ అనుమతి రాలేదు. ఆర్నెల్లు వద్దన్నది ఒక్కసారిగా మంచిదంటే ఏ అత్తగారికైనా సందేహం రాదా?

జవాబు: ఏ.ఎన్.ఎం., 19 ఏళ్ల సర్వీసు

ఆ ఆర్నెల్లలో ఏం జరిగిందో నేను కళ్లారా చూశాను. రెండో ఉద్ధృతిలో మా సబ్ సెంటర్ పరిధిలో ఇద్దరు నిండు గర్భిణులు ఆక్సిజన్ మీదికి వెళ్లారు, ఒకరు తిరిగి రాలేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్కలో కొవిడ్ సోకిన గర్భిణులు, బాలింతలలో మరణాల శాతం మొదటి ఉద్ధృతిలో 0.7 ఉంటే రెండోసారి 5.7కు పెరిగింది. అందుకే మాట మారింది. జులైలో మా కేంద్రానికి ఆదేశాలు వచ్చాక, టీకా వేసిన ప్రతి గర్భిణినీ అరగంట బల్ల మీద కూర్చోబెట్టి, తలనొప్పి తగ్గకపోయినా, కాళ్లు వాచినా, చూపు మసకబారినా ఇరవై రోజుల లోపు ఎప్పుడైనా ఫోన్ చేయమని చెప్పి, నా నంబరు తల్లీబిడ్డల కార్డు అట్ట మీద రాసి పంపేదాన్ని. ఫోన్లు వచ్చినవన్నీ జ్వరానికీ, చెయ్యి నొప్పికే.

జవాబు: బాలింత అమ్మ

నా బాధ పాల గురించి. 2021 జూన్‌లో టీకా వేయించుకున్న రోజున ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూడు రోజులు పాలు పిండి పారబోయమన్నారు. నాలుగు నెలల పిల్ల సీసా పట్టక గుక్కపట్టి ఏడ్చింది, నాకు రొమ్ములు గడ్డకట్టి జ్వరం వచ్చింది. పాలివ్వడం ఒక్క గంట కూడా ఆపనక్కరలేదని తరువాత తెలిసింది. టీకా వేయించుకున్న తల్లుల పాలలో యాంటీబాడీలు ఉంటాయట. నేను పారబోసింది వాటినే.

జవాబు: ప్రసూతి వైద్యురాలు

ఇంకొక డోసు గురించి అడిగారు. గర్భం వచ్చిన ప్రతిసారీ ఒక డోసు మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది గానీ, మన దగ్గర ఊరూరా వేసే రోజులు పోయాయి. నెల తప్పాక మీ డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి. దానికంటే ముందు థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకుని, ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇప్పటి నుంచే మొదలుపెట్టండి.

ప్రశ్న అడిగినవారు: కొత్త కోడలు

అందరికీ కృతజ్ఞతలు. ఇదంతా నిన్న అత్తగారికి చదివి వినిపించాను. నాలుగు వారాల లెక్క ఆవిడకు వెంటనే అర్థమైంది. చివరిదాకా విని, “మరి మావాడికి కరోనా ఎప్పుడు వచ్చిందే?” అని అడిగారు. 2022 జనవరిలో అని చెప్పాను. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుని, ఫోలిక్ యాసిడ్ మాత్ర ఎక్కడ దొరుకుతుందని అడిగారు.